శీలావతి తల, అక్కయ్య కత్తెర

గృహపత్రికలో ఇంజనీరు పేరు కనబడితే ఆ వ్యాసం బాయిలరు గురించో, టర్బైను గురించో, కాకుంటే పదవీ విరమణ చేసిన సహోద్యోగి గుణగణాల గురించో ఉంటుందని పాఠకులు తలచడం సహజం. మేమూ ఇంతవరకు ఆ రెండు దారులు దాటి వ్రాసినవారము కాము. ఈ పర్యాయం మాత్రం కప్పల గురించి, చేప తల గురించి వ్రాయబోతున్నాము. సంపాదకవర్గం మన్నించుగాక. శాకాహారులైన సోదర సోదరీమణులు ఒకటి రెండు పేరాలు దాటవేసినా మేము నొచ్చుకోము.

మొన్నటి శీతకాలంలో మా అక్కయ్య నోయిడాలోని మా ఇంటికి వచ్చి నెల రోజులున్నది. ఆమె ముప్పయ్యేళ్ళకు పైగా జూనియరు కళాశాలలో జంతుశాస్త్రం బోధించి విశ్రాంత జీవితం గడుపుతున్నది. మా అమ్మాయి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అదే శాస్త్రంలో ఆనర్సు చదివి ఇప్పుడు పరిశోధనలో ప్రవేశించినది. మేనత్తకూ మేనకోడలికీ ఒకే శాస్త్రం కావడంవలన ఇంట్లో మాకూ మా శ్రీమతికీ మాట్లాడే అవకాశం లేకుండా పోయినది. వచ్చిన మూడవనాడు కాబోలు, రాత్రి భోజనాల దగ్గర అక్కయ్య అడిగినది: "అవునే అమ్మాయీ, సకశేరుకాల తులనాత్మక శరీర నిర్మాణం మీకు ఒక పూర్తి పేపరు కదా. ఎన్ని జంతువులను కోశారు?"

"ఒక్కటీ లేదు అత్తయ్యా" అన్నది మా అమ్మాయి.

అక్కయ్య చేతిలోని ముద్ద కంచంలోకి జారినది. "ఒక్క కప్పనైనా కోయకుండా ఆనర్సా?"

ఈ సంభాషణ అర్థం కావాలంటే కొంచెం వెనుకకు వెళ్ళాలి.

1982వ సంవత్సరం. గోదావరి డెల్టాలో మా ఊరు. అక్కయ్య కాకినాడలో బి.యస్సీ. చదువుతున్నది. మేము (అనగా అప్పటికి పన్నెండేళ్ళ ఏక వ్యక్తి) ఊరి ఉన్నత పాఠశాలలో చదువుతున్నాము. ఆ రోజులలో ప్రయోగశాలకు ఎవరి కప్పను వారే తెచ్చుకోవలసిన సందర్భాలు ఉండేవి. తొలకరి వానలకు మడులు నిండగానే పెద్ద కప్పలు పసుపు పూసుకున్నట్లు మెరుస్తూ రాత్రంతా అరిచేవి. మగ కప్ప మెడకు రెండు వైపులా నీలపు సంచులు ఉబ్బుతాయి. టార్చిలైటు వెలుగు కళ్ళలో పడితే అది కదలదు; వెనుక నుంచి నడుము దగ్గర పట్టుకోవాలి. ఈ విద్యలో మాకు ఊళ్ళో మంచి పేరు ఉండేది. అక్కయ్య చదువుకు మేము చేసిన ఏకైక సేవ ఇదే.

సెలవులలో ఇంటికి వచ్చినప్పుడు ఆమె పెరటి అరుగుమీద సాధన చేసేది. మైనం పోసిన రేకు పళ్ళెం, గుండుసూదులు, చిన్న కత్తెర, పటకారు, నీళ్ళ చెంబు, పక్కన కళాశాల గ్రంథాలయం నుంచి తెచ్చిన ఏకాంబరనాథ అయ్యరు గారి లావుపాటి ఆంగ్ల గ్రంథం. మత్తుమందుతో కప్పను ముగించి, వెల్లకిలా పరచి, చర్మం ఒక పొర, కండరం ఒక పొర, ఉరోస్థి ఎముక ఒకటి జాగ్రత్తగా కత్తిరించి తెరిచేది. మేము మొదటిసారి చూసినప్పుడు కప్ప చనిపోయి చాలాసేపయినది. లోపల మాత్రం గుండె కొట్టుకుంటూనే ఉన్నది. పైన రెండు కర్ణికలు ముడుచుకోవడం, వెంటనే క్రింద ఒక్కటే జఠరిక ముడుచుకోవడం కంటికి స్పష్టంగా కనబడినది. కప్ప గుండెకు ఆజ్ఞ మెదడు నుంచి రానక్కరలేదనీ, దాని వెనుకనున్న సిరాసరణిలోనే పుడుతుందనీ అక్కయ్య శాంతంగా వివరించినది. మేము అరుగు దిగి పరుగెత్తాము. ఇంటర్మీడియట్‌లో మేము గణితం తీసుకోవడానికి లెక్కలమీద ప్రేమ కారణమని ఇంతకాలం అందరికీ చెబుతూ వచ్చాము. అసలు కారణం ఆ గుండె.

అదే సంవత్సరం ఆషాఢంలో మేము ఒక నేరం చేశాము. అది చివర చెబుతాము.

ఆ కప్పలు ఏమయ్యాయని మా అమ్మాయి తరం అడుగుతున్నది. ప్రయోగశాలల కంటే ఎక్కువ కప్పలు విదేశీ భోజనశాలలకు పోయాయి. వేల టన్నుల కప్పకాళ్ళు మన దేశం నుంచి ఎగుమతి అయ్యేవి. కప్పలు తగ్గి పురుగులు పెరిగాయన్న ఆందోళనతో 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించినది. కళాశాలల సంగతి ఇంకా ఆలస్యంగా తేలినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అనగా మనమందరం యూజీసీ అని పిలిచేది, 2011లో విచ్ఛేదనను క్రమంగా తగ్గించమని మార్గదర్శకాలు ఇచ్చినది. 2014లో జంతుశాస్త్ర కోర్సులలో దానిని నిలిపివేయమన్నది. 2018లో మా అమ్మాయి కళాశాలలో చేరేనాటికి ప్రయోగశాలలో కత్తెర పని ముగిసినది.

ఆమె చదివిన పద్ధతి మేము కళ్ళారా చూసినదే. నాలుగవ సెమిస్టరులో ఈ పేపరు వచ్చినది. కప్ప, ఉడుము, కోడి, కుందేలు: ఈ నాలుగింటి ఎముకలు విడివిడిగా పెట్టెలలో ఉండేవట. ఒక్కొక్క ఎముక తీసి, ఇది ఎవరిది, కుడిదా ఎడమదా, ఏ జంతువులో ఏమైనదీ చెప్పాలి. తాబేటి పైచిప్ప, అడుగుచిప్ప. గడ్డి మేసే జంతువు పుర్రె ఒకటి, మాంసం తినేదాని పుర్రె ఒకటి. తరువాత 2020 మార్చి వచ్చినది. లాక్‌డౌన్‌తో కళాశాలకు తాళం పడినది; ఎముకల పెట్టెలు తాళం లోపల, విద్యార్థులు తాళం బయట. మిగిలిన తులనాత్మక శరీర నిర్మాణమంతా మా అమ్మాయి అరచేతిలో పట్టేంత ఫోనులో, మంచంమీద కూర్చుని ముగించినది. ఆమె మంచి మార్కులే తెచ్చుకున్నది. అయినా ఆ రోజులలో ఒకసారి, "నాన్నగారూ, ఈ బొమ్మలో సొరచేప, మనిషి ఒకే సైజులో ఉన్నారు" అని నవ్వినది. అది నవ్వు కాదని మాకు అప్పుడే తోచినది.

ఈ పిల్లకు ఈ శాస్త్రంమీద మక్కువ కలిగినది పుస్తకం వలన కాదు. చిన్నతనంలో ఆదివారాలు బారాఖంబా రోడ్డు దగ్గర జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియంకు తీసుకువెళ్ళేవారము. 1978లో ప్రారంభమైన ఆ మ్యూజియం 2016 ఏప్రిల్ 26 తెల్లవారుజామున అగ్నికి ఆహుతి అయినది. ఆ ఉదయం వార్త విని ఆమె బడికి వెళ్ళనన్నది.

భోజనాల దగ్గరి వాదానికి తిరిగి వస్తాము. అక్కయ్య పక్షం ఇది: బొమ్మలో నాడి పచ్చగా, ధమని ఎర్రగా, సిర నీలంగా ఉంటాయి, లోపల అన్నీ ఒకే రంగు, అన్నింటిమీదా పొరలు. ఏది ఏమిటో వేలికి తెలియాలి. బి.యస్సీ.లో సొరచేప తల ఇచ్చి కపాల నాడులు వెలికితీయమనేవారు. గంటసేపు మృదులాస్థిని పలుచని పొరలుగా చెక్కుతూ పోతే తొమ్మిదవ నాడి మొదటి మొప్ప చీలికకూ, పదవ నాడి కొమ్మలుగా చీలి తక్కిన నాలుగింటికీ పోవడం కనబడుతుంది. ఒక్క తొందరపాటు గాటుతో నాడి తెగుతుంది, మార్కులూ తెగుతాయి. మన సొరచేపకు ప్రమాణ గ్రంథం 1928లో లక్నో నుంచి వెలువడిన భారతీయ జంతుశాస్త్ర గ్రంథమాలలోనిదనీ, దానిని వ్రాసినది ఇ.ఎం. తిల్లయంపలం అనే మహిళ అనీ అక్కయ్య మాకు ఎన్నోసార్లు చెప్పినది. "చూసి కాదే, కోసి వ్రాసింది" అని ఆమె ఈసారి కూడా అన్నది.

మా అమ్మాయి పక్షాన్ని కొట్టివేయలేము. "మీరు కోసిన కప్పలన్నీ ఒకే కప్ప అత్తయ్యా. తరగతిలో నలభై మంది, నలభై కప్పలు, అన్నిటిలో అదే గుండె, రికార్డులో అదే బొమ్మ. మరుసటి సంవత్సరం మళ్ళీ నలభై. కొత్తగా తెలిసిందేమిటి?"

"తెలియవలసింది కప్పకు కాదే, నాకు" అన్నది అక్కయ్య.

మేము ఎవరి పక్షమూ వహించలేదు. అయితే లోపల మాకు వేరొకటి తోచినది. మా విద్యుత్ కేంద్రంలో ముప్పయ్యేళ్ళ అనుభవం నేర్పినది ఒకటే: డ్రాయింగు వేరు, సైటు వేరు. ఏ గొట్టం ఏ గోడ వెనుక నుంచి పోతున్నదో కాగితం చెప్పదు. పాత ఫోర్‌మన్ చెబుతాడు, లేదా చేతితో తడుముతూ పోవాలి. డ్రాయింగులు మాత్రమే చదివి వచ్చిన కుర్ర ఇంజనీర్లను మేము ఎన్నిసార్లు వేళాకోళం చేశామో! ఇప్పుడు మా ఇంటి పిల్ల, తన తప్పేమీ లేకుండానే, ఆ స్థితిలో ఉన్నది.

పరిష్కారం మా శ్రీమతి నోట వచ్చినది. "ఎలాగూ ఆదివారం చేప తెస్తారు. దాన్నే కోసుకోండి. ఎవరూ దాన్ని మీకోసం చంపనక్కరలేదు."

ఆ ఆదివారం చిత్తరంజన్ పార్కు ఒకటవ నంబరు మార్కెట్టుకు ముగ్గురమూ వెళ్ళాము. అక్కడి బెంగాలీ వ్యాపారులు మన కత్తిపీట వంటిదానిమీదే కూర్చుని చేపను క్షణంలో ముక్కలు చేస్తారు. రెండు కిలోల శీలావతిని, వారి రోహూను, అసలు కోయవద్దని చెప్పి కొనడానికి చాలా కష్టపడవలసి వచ్చినది. అతడు మొదట మేము వెల తగ్గించమంటున్నామనుకున్నాడు. ఉత్తరాదికి మన కొల్లేటి ప్రాంతపు చెరువుల నుంచి కూడా మంచుపెట్టెలలో చేపలు వస్తాయి కనుక, ఇది మన వైపుదే అయి ఉండవచ్చునని అక్కయ్య దానిని ఆప్యాయంగా చూసినది.

వంటగది బల్లమీద పాత వార్తాపత్రిక, దానిమీద స్టీలు పళ్ళెం. అక్కయ్య తన పెట్టెలోంచి కత్తెర తీసినది. 1980 నాటి కత్తెర! కళ్ళజోడు సర్దుకుని దానిని మేనకోడలి చేతికిచ్చి, తాను కుర్చీలో వెనుకకు జరిగినది. "నేను ముట్టను. నువ్వే."

పొట్ట తెరవగానే తెల్లని గాలితిత్తి కనబడినది. శీలావతిలో అది రెండు గదులు, మధ్య నొక్కు. "ముందు గది ముందు గోడను చూడు. దానిని తాకుతూ వెన్నెముక పక్కన ఒక చిన్న ఎముక ఉండాలి" అన్నది అక్కయ్య. మా అమ్మాయి ఇరవై నిమిషాలు వెతికినది. వెబర్ ఎముకలు నాలుగు జతలని ఆమెకు పేర్లతో సహా నోటికి వచ్చు. ఎక్కడ వెతకాలో చేతికి రాదు. మూత్రపిండపు ఎర్రని మెత్తదనం అడ్డు వచ్చినది. కొంచెం రక్తం, ఏదో పొర, మళ్ళీ పొర. ఆమె ముఖంలో మాకు సుపరిచితమైన కవళిక కనబడినది: కాగితంమీద ఉన్న వాల్వు సైటులో కనబడనప్పుడు ఉండే కవళిక. ఇంతలో, "అత్తయ్యా, ఇది కదులుతోంది!" అన్నది. పటకారు మొద్దు వైపుతో గాలితిత్తిని మెల్లగా నొక్కితే కొడవలి వంటి చిన్న ఎముక ఒకటి కదిలినట్లు మాకూ అనిపించినది.

ఇందులోని యంత్రాంగం ఇంజనీరుకు చటుక్కున అర్థమవుతుంది. నీటిలోని శబ్దం చేప దేహం గుండా ఇంచుమించు అడ్డులేకుండా పోతుంది. దానిని పట్టుకోవడానికి గాలి కావాలి. గాలితిత్తి డయాఫ్రం వలె కంపిస్తుంది. ఆ కంపనాన్ని వరుసగా ఒక ఎముక మరొకదానికి అందిస్తూ పుర్రెలోని లోచెవికి చేరుస్తాయి. లివర్ల వరుస! జర్మన్ శాస్త్రవేత్త వెబర్ దీనిని 1820లో వర్ణించినాడు. అంతకంటే వింత ఏమిటంటే ఆ ఎముకలు చెవి కోసం పుట్టినవి కావు. మెడ దగ్గరి మొదటి వెన్నుపూసల భాగాలే రూపు మార్చుకుని ఈ పనికి కుదిరాయి.

తరువాత తలను వేడినీటిలో ముంచి, మాంసం వదులు చేసి, దవడ కీలు విడదీశారు. శీలావతికి నోటిలో పళ్ళుండవనీ, గొంతులో ఉంటాయనీ మా శ్రీమతి అక్కడినుంచే చెప్పినది. ఆ మాట నిజమే. దవడ పైభాగపు కీలు ఎముక ఒకటి, క్రింది భాగపు కీలు ఎముక ఒకటి పళ్ళెంలో పెట్టి అక్కయ్య మా వైపు తిరిగినది. "ఏరా తమ్ముడూ, ఈ రెండూ నీ దగ్గర ఎక్కడున్నాయో తెలుసా? నీ చెవిలో."

మేము ఎగతాళి అనుకున్నాము. మా అమ్మాయి వివరించినది. చేపలోను, కప్పలోను, బల్లిలోను దవడ ఈ రెండు ఎముకల మధ్యనే కదులుతుంది. క్షీరదాలలో దవడకు వేరే కీలు ఏర్పడినది. ఖాళీ అయిన ఈ రెండూ కుంచించుకుని మధ్యచెవిలో సుత్తి ఎముక, దాగలి ఎముక అయ్యాయి. మూడవది, అంకెవన్నె ఎముక, చేపలో దవడను పుర్రెకు ఆనించే ఎముక నుంచి వచ్చినది. పిండాలను పరిశీలించి రైషర్ట్ అనే జర్మన్ శరీర శాస్త్రజ్ఞుడు 1837లోనే ఈ సంగతి చెప్పినాడు. డార్విన్ గ్రంథం రావడానికి ఇంకా 22 ఏళ్ళున్నది.

"మరి మారుతున్న కాలంలో ఆ జంతువు ఎలా నమిలింది?" అని మేము అడిగాము. ఇది మా వృత్తికి సంబంధించిన ప్రశ్న. మా కేంద్రంలో పాత పంపును తీసి కొత్తది పెట్టాలంటే యూనిట్‌ను ఆపాలి. ఆపడానికి పైనుంచి అనుమతి రాదు. జంతువుకు ఓవర్‌హాల్ సెలవు లేదు. ప్రతి తరమూ తినాలి, వినాలి, పిల్లలను కనాలి.

"రెండూ కలిసి పనిచేశాయి నాన్నగారూ" అన్నది మా అమ్మాయి. సుమారు 20 కోట్ల ఏళ్ళనాటి మోర్గానుకోడాన్ అనే చుంచెలుకంత జీవి శిలాజంలో పాత కీలు, కొత్త కీలు పక్కపక్కనే ఉన్నాయట. మేము కాసేపు మాట్లాడలేకపోయాము. కొత్త పంపును పాతదానితో సమాంతరంగా కలిపి, రెండింటినీ కొన్నాళ్ళు నడిపి, కొత్తది నిలదొక్కుకున్న తరువాత పాతదానిని విడదీసి వేరే చిన్న పనికి వాడుకోవడం! ఇది మేము చేసిన పనే. మెప్పుపత్రం కూడా పొందాము.

అక్కయ్య పదవ నాడి కథ కూడా చెప్పినది. చేపలో ఆ నాడి కొమ్మ మొప్ప ధమని వెనుకగా తిన్నగా పోతుంది. మనలో గుండె మెడనుంచి ఛాతీలోకి దిగినప్పుడు ధమనీ దిగినది, నాడిని తనతో లాగినది. కనుక మన స్వరపేటికకు పోయే ఎడమ నాడి మెడ గుండా ఛాతీలోకి వెళ్ళి, మహాధమని క్రింద చుట్టు తిరిగి, మళ్ళీ పైకి వస్తుంది. జిరాఫీలో ఈ వృథా ప్రయాణం నాలుగు మీటర్లకు పైమాటే. కొత్తగా గీసే ఇంజనీరు ఎవడూ అలా గీయడు. విస్తరణకు లోనైన ప్రతి పాత ప్లాంటులోను మాత్రం అటువంటి కేబులు ఒకటైనా ఉంటుంది. ఎందుకు అలా పోయిందో ఎవరికీ గుర్తుండదు.

మధ్యాహ్నం రెండు దాటినది. మా అమ్మాయి చేతులు కడుక్కుని, "అత్తయ్యా, ఒక్క చేప చాలింది. నలభై అక్కరలేదు" అన్నది. అక్కయ్య, "చాలిందని తెలియడానికి ఒకటైనా కావలసింది కదా" అన్నది. ఇద్దరూ ఎవరి మాటమీద వారే ఉన్నారు. నిలిపివేత మంచిదే అయినదని మా అభిప్రాయం. కాని ఆ ఇరవై నిమిషాల వెతుకులాట ప్రతి విద్యార్థికీ ఏదో ఒక రూపంలో దక్కాలని కూడా మా అభిప్రాయం. చేపల అంగడి అన్ని ఊళ్ళలోను ఉన్నది.

ఇక మా నేరం. 1982 ఆషాఢంలో అక్కయ్య రెండు కప్పలు అడిగినది. ఆమె స్నేహితురాళ్ళు కప్పకు అర్ధరూపాయి ఇస్తారని విని మేము పదకొండు పట్టాము. గోనెసంచీలో కుక్కి, మూతి బిగించి, అరుగుమీద పెట్టి నిద్రపోయాము. తెల్లవారి వాన వెలిసి ఎండ కాచినది. కప్ప సగం ఊపిరి చర్మంతో తీసుకుంటుంది. చర్మం తడిగా ఉండాలి. ఆ సంగతి మాకు తెలియదు. విప్పేసరికి పదకొండూ చనిపోయి ఉన్నాయి. కాలువలో పారవేసి, ఒక్కటీ దొరకలేదని చెప్పాము. మరునాడు ఆమె ప్రయోగశాలలో పక్క అమ్మాయి పళ్ళెంలోకి తొంగిచూస్తూ నిలబడవలసి వచ్చినది. నలభై ఏళ్ళు దాటినా మేము ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం చెప్పాము.

అక్కయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నది. "నాకు తెలుసురా. ఆ రోజు రేవులో బట్టలు జాడిస్తుంటే ఒకటి వెల్లకిలా తేలుతూ వచ్చింది. తీసుకుపోయి గడ్డివాము వెనుక కోశాను. నేను కోసినవాటిలో అంత శుభ్రంగా కుదిరింది మరొకటి లేదు. గుండె ఒక్కటే కొట్టుకోలేదు."

మరి మమ్మల్ని ఎందుకు మందలించలేదని అడిగాము.

"మిగతా పదీ ఏమయ్యాయో నువ్వే చెబుతావని చూశాను" అన్నది.

మా అమ్మాయి ఆ చిన్న ఎముకలను దూదిమీద ఆరబెట్టి, వాళ్ళమ్మ పాత కుంకుమభరిణెలో దాచుకున్నది. నాలుగింటిలో మూడే దొరికాయి. నాలుగవది ఆవగింజకంటే చిన్నది. అది పులుసులో పడి ఉంటుందని మా శ్రీమతి అనుమానం. ఆ పులుసు మేము రెండు పూటలు తిన్నాము.